తుప్పు మీద జాకీ

అండమాన్‌లో కారు మరమ్మతంటే ఉప్పుగాలితో, ఓడలో రావాల్సిన విడిభాగాల ఎదురుచూపుతో పోరాటమే. ఆ పోరాటంలో అందరికంటే ముందు పక్కన పడేది మెకానిక్ భద్రత

అండమాన్‌లో కారు కొనుక్కోవడం పెద్ద కష్టం కాదు. దాని అడుగుభాగాన్ని కాపాడుకోవడమే కష్టం. ఏటా సుమారు 3,000 మి.మీ. వాన, అంటే విశాఖపట్నంలో కురిసే దానికి దాదాపు మూడు రెట్లు. వాన లేని రోజుల్లో కూడా ఒంటికి అంటుకునే తేమ. ఏ వైపు తిరిగినా సముద్రం. గాలిలో తేలివచ్చే ఉప్పు తుంపర్లు ఇనుము మీద చేరి, తేమతో కలిసి, రంగు పొర కింద నిశ్శబ్దంగా పని మొదలుపెడతాయి. పైకి కారు తళతళలాడుతూనే ఉంటుంది. బానెట్ మీద గీత కూడా ఉండదు. తలుపుల కింది అంచు, చక్రాల పైకప్పు లోపలి భాగం, బ్రేకు గొట్టాలు, బ్యాటరీ కింది పళ్లెం మాత్రం పొరలు పొరలుగా రాలుతుంటాయి.

ఇది కారు అందానికో, అమ్మకపు ధరకో సంబంధించిన విషయం మాత్రమే అనుకుంటే పొరపాటు. కారును పైకెత్తేటప్పుడు జాకీ ఆనేది సరిగ్గా ఆ తలుపుల కింది అంచుకే. 700 కిలోలకు పైబడిన ఆల్టో అయినా, అంతకు రెట్టింపు బరువుండే జీపు అయినా, ఆ క్షణంలో మొత్తం భారం మోసేది అరచేయంత రేకు. ఆ రేకు లోపల గుల్లబారి ఉంటే జాకీ దాన్ని చీల్చుకుని పైకి పోతుంది, కారు కిందికి వస్తుంది. కింద ఎవరైనా ఉంటే తప్పించుకునే వ్యవధి ఉండదు.

కారు సర్వీసింగులో పాటించాల్సిన జాగ్రత్తలు ప్రపంచమంతటా దాదాపు ఒకటే. అయితే పోర్ట్‌బ్లెయిర్‌లో (2024 సెప్టెంబరులో ఈ నగరం పేరు శ్రీ విజయపురంగా మారింది) వాటికి బరువు ఎక్కువ. చెన్నై, విశాఖ, కోల్‌కతా - ఏ రేవు నుంచి చూసినా ఈ ఊరు దాదాపు 1,200 కి.మీ. దూరం. ఓడలో సుమారు మూడు రోజుల ప్రయాణం. మోటారు వాహనమూ, దాని విడిభాగాలూ, వాటితోపాటు నాణ్యమైన పనిముట్లూ సముద్రం దాటి రావాల్సిందే. రోగం ముదిరితే మనిషి కూడా సముద్రం దాటి వెళ్లాల్సిందే. ద్వీపాలన్నింటికీ పెద్దదిక్కు పోర్ట్‌బ్లెయిర్‌లోని జి.బి. పంత్ ఆస్పత్రి ఒక్కటే. ఉత్తరాన డిగ్లీపూర్‌లోనో, హేవ్‌లాక్‌లోనో (2018 నుంచి స్వరాజ్ ద్వీప్) షెడ్డులో ఒకరి చేయి నలిగితే ఆ ఆస్పత్రికి చేరడానికి రోడ్డు, పడవ, ఒక్కోసారి హెలికాప్టర్ కావాలి. అందుకే ప్రధాన భూభాగంలో చిన్న నిర్లక్ష్యం అనిపించుకునేది ఇక్కడ పెద్ద ప్రమాదంగా మారుతుంది.

జాకీ ఉన్నది ఎత్తడానికే

మెకానిక్ షెడ్లలో అతి తరచుగా జరిగే తప్పు ఒక్కటే: జాకీని నమ్మి కారు కింద దూరడం. డిక్కీలో స్టెప్నీతోపాటు కంపెనీ ఇచ్చే కత్తెర జాకీ చక్రం మార్చడానికి మాత్రమే. హైడ్రాలిక్ జాకీ అంతకంటే బలమైనదే. కానీ దాని లోపల బరువును నిలబెట్టేది నూనె, ఆ నూనెను ఆపేది ఒక రబ్బరు సీలు. సీలు పాడైతే జాకీ నెమ్మదిగా దిగుతుంది, తెగితే ఒక్కసారిగా కూలుతుంది. జాకీ ఎత్తడానికి, స్టాండు మోయడానికి. ఈ తేడా తెలిస్తే సగం ప్రాణాలు దక్కినట్టే.

కారును ఎత్తాక ఛాసిస్‌లో గట్టి చోటు చూసి ఇనుప స్టాండ్లు పెట్టాలి. జాకీని మెల్లగా దించి బరువు స్టాండ్ల మీద పడ్డాక, కారును పక్క నుంచి చేత్తో నెట్టి చూడాలి. ఊగినా, కిర్రుమన్నా దించి మళ్లీ మొదలుపెట్టాలి. విప్పిన చక్రాన్ని గోడకు ఆనించి ఉంచే బదులు కారు అంచు కింద అడ్డంగా పడుకోబెట్టడం మంచి అలవాటు. ఏదైనా జారినా చక్రం మందం మేర ఖాళీ మిగులుతుంది. మనిషి ఛాతీకి ఆ కాస్త ఖాళీయే చాలు. స్టాండ్లకు బదులు ఇటుకలు, బోలు సిమెంటు దిమ్మెలు పేర్చడం మాత్రం ఆత్మహత్యా సదృశం. సిమెంటు దిమ్మె ముందుగా హెచ్చరించదు, పగిలిపోతుంది. మందపాటి కలప మొద్దులు వాటికంటే ఎంతో నయం.

ద్వీపంలో దీనికి ముందు మరో మెట్టు ఉంది. జాకీ పెట్టబోయే చోటును గట్టి స్క్రూడ్రైవర్‌తో తట్టి, పొడిచి చూడాలి. గట్టి ఇనుము టంగుమంటుంది. గుల్లబారినది బొత్తుగా మోగుతుంది, లేదా పొట్టు రాలుస్తుంది. అడుగున కొత్తగా నల్లటి కోటింగ్ కొట్టి ఉంటే మరింత అనుమానించాలి. తుప్పును తీసి కోటింగ్ వేశారా, తుప్పును దాచడానికి వేశారా అన్నది పైనుంచి తెలియదు. అంచు బలహీనంగా ఉందనిపిస్తే యాక్సిల్ కిందో, సస్పెన్షన్ బిగించిన అడ్డకమ్మీ కిందో ఎత్తాలి. ఏ చోట ఎత్తవచ్చో కారుతో వచ్చిన పుస్తకంలో బొమ్మ వేసి మరీ చెబుతారు.

పోర్ట్‌బ్లెయిర్ కొండలూ గుట్టల ఊరు. ఎక్కడ చూసినా ఎత్తుపల్లాలే. వాలులో కారును ఎత్తడం ఎప్పుడూ ప్రమాదమే. తప్పనిసరైతే చక్రాలకు అడ్డం పెట్టాలి. 'హ్యాండ్‌బ్రేకు వేశాంగా' అనేవారు ఒక సంగతి మరిచిపోతారు. అది చాలా కార్లలో వెనక చక్రాలనే పట్టి ఉంచుతుంది. వెనకభాగాన్ని ఎత్తినప్పుడు ఆ చక్రాలు గాల్లో ఉంటాయి కాబట్టి హ్యాండ్‌బ్రేకు దేన్నీ పట్టుకోదు. వెనక ఎత్తితే ముందు చక్రాలకు, ముందు ఎత్తితే వెనక చక్రాలకు అడ్డం పడాల్సిందే. వానకు మెత్తబడ్డ మట్టి నేలయితే జాకీ కింద, స్టాండ్ల కింద వెడల్పాటి చెక్క ఉండాలి.

ఓడ వచ్చేదాకా

ద్వీపాల మెకానిక్‌కు ఉన్న నేర్పు ప్రధాన భూభాగంలో చాలామందికి ఉండదు. లేనిదాన్ని తయారు చేసుకోవడం, పాడైనదాన్ని బతికించడం ఇక్కడ రోజువారీ పని. విడిభాగం ఓడ దిగేదాకా కారు షెడ్డులో నిలిచిపోతే టాక్సీవాలా ఆదాయం కూడా నిలిచిపోతుంది. నైరుతి రుతుపవనాల కాలంలో సముద్రం పోటెత్తితే ద్వీపాల మధ్య పడవలు కూడా ఆగిపోతాయి. ఆ ఒత్తిడిలో పుట్టేదే తాత్కాలిక ఏర్పాటు.

ఈ ఏర్పాట్లన్నీ తప్పు కావు. పగిలిన బంపరును తీగతో కట్టుకోవచ్చు. సైలెన్సర్ చిల్లుకు కొన్నాళ్లు పట్టీ వేయవచ్చు. కానీ మూడింటిలో సర్దుబాటు కుదరదు: ఆపేది, తిప్పేది, మోసేది. అంటే బ్రేకులు, స్టీరింగు, చక్రాలూ సస్పెన్షనూ. తుప్పు తిన్న బ్రేకు గొట్టాన్ని నలగ్గొట్టి మూసేసి మిగిలిన మూడు చక్రాల బ్రేకులతో కారును పంపడం, అరిగిన నట్టుకు బదులు సైజు కలిసిన మరో నట్టు బిగించడం లాంటివి మరమ్మతులు కావు, వాయిదా వేసిన ప్రమాదాలు. ఇలాంటి చోట 'ఓడ వచ్చాకే బండి' అని చెప్పగలిగే మెకానిక్, ఆ మాట వినగలిగే ఓనరు ఇద్దరూ ఉండాలి.

బ్రేకు ఆయిల్ సంగతి తేమ ప్రాంతాలకు ప్రత్యేకం. మామూలుగా వాడే బ్రేకు ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్-3 రకం కొత్తగా ఉన్నప్పుడు మరగాలంటే కనీసం 205 డిగ్రీల వేడి కావాలి. 3.7 శాతం నీరు చేరాక ప్రమాణాల ప్రకారం ఆ హద్దు 140 డిగ్రీలకు పడిపోవచ్చు. డాట్-4లో ఈ లెక్క 230 నుంచి 155. దిగుడు రోడ్డులో బ్రేకులు వేడెక్కినప్పుడు ఆయిల్‌లోని నీరు ఆవిరవుతుంది. ఆవిరి నలుగుతుంది, ద్రవం నలగదు. ఫలితంగా పెడల్ నేలకు అంటుతుంది, కారు ఆగదు. అందుకే రెండేళ్లకోసారి ఆయిల్ మార్చాలి. సీలు తీసి అల్మారాలో నెలల తరబడి ఉంచిన సీసాలోది పోయకూడదు. సగం మిగిలింది కదా అని దాచుకునే పొదుపు ఇక్కడ పనికిరాదు.

బ్రేకు పని పూర్తయ్యాక కారు కదిలించే ముందే పెడల్‌ను పలుమార్లు తొక్కి గట్టిపడిందో లేదో చూడాలి. కొత్త ప్యాడ్లు వేశాక మొదటి తొక్కుడుకు పెడల్ ఖాళీగా కిందికి పోవడం మామూలే. ఆ సంగతి షెడ్డు లోపల తెలియాలి తప్ప ఎదుట గోడ ఉన్నప్పుడు కాదు. చక్రం నట్లను వరసగా కాక ఎదురెదురుగా బిగించాలి, కొంతదూరం తిరిగాక మళ్లీ సరిచూడాలి.

నాలుగు భాషల షెడ్డు

2011 జనగణన ప్రకారం ద్వీపాల జనాభా సుమారు 3.8 లక్షలు. అందులో 28 శాతానికి బెంగాలీ, 19 శాతానికి హిందీ, 15 శాతానికి తమిళం, 13 శాతానికి తెలుగు మాతృభాష. అంటే దాదాపు 50,000 మంది తెలుగువారు. ఉత్తరాంధ్ర తీరం నుంచి తరాల కిందట వచ్చి స్థిరపడినవారు వారిలో ఎందరో. ఇలాంటి చోట ఒకే షెడ్డులో రెండు మూడు భాషలు వినిపించడం సహజం. అందరినీ కలిపేది బజారు హిందీ. మామూలు రోజుల్లో అది చాలు. కారు కింద ఒకరు, స్టీరింగు ముందు మరొకరు ఉన్నప్పుడు, పక్కన గ్రైండర్ హోరెత్తుతున్నప్పుడు 'ఆపు' అన్న మాట 'తిప్పు' అని వినబడితే చాలు, వేలు పోతుంది.

దీనికి విరుగుడు భాష కాదు, తాళంచెవి. బానెట్‌లో చేయి పెట్టినవారి జేబులోనే తాళంచెవి ఉండాలి. మీట నొక్కితే స్టార్టయ్యే కొత్త కార్లలో ఆ రిమోట్‌ను కారుకు దూరంగా పెట్టాలి. స్టీరింగుకు ఒక ఎర్రగుడ్డ కట్టాలి. గుడ్డ ఉన్నంతసేపూ ఎవరూ సెల్ఫ్ కొట్టకూడదన్నది నియమం. ఎర్రగుడ్డకు అనువాదం అక్కర్లేదు. ఇంజిన్ ఆగి ఉన్నా రేడియేటర్ ముందుండే ఎలక్ట్రిక్ ఫ్యాను వేడిని బట్టి దానంతటదే తిరగవచ్చు. కాబట్టి దాని దగ్గర పనిచేసే ముందు వైరు ఊడదీయాలి. ఉంగరం, వాచీ, చేతి తాడు, మెడలో తువ్వాలు షెడ్డు గుమ్మం బయటే తీసేయాలి. లోహపు ఉంగరం బ్యాటరీ టెర్మినల్‌కూ బాడీకీ మధ్య తగిలితే క్షణాల్లో ఎర్రగా కాలుతుంది.

మరో మార్పు కూడా గమనించదగ్గది. చెన్నై నుంచి సముద్రం అడుగున వేసిన సుమారు 2,300 కి.మీ. ఆప్టికల్ ఫైబర్ కేబుల్ 2020 ఆగస్టు 10న ప్రారంభమయ్యాక ద్వీపాలకు వేగమైన ఇంటర్నెట్ వచ్చింది. ఫోనులో వీడియో చూసి ఇంజిన్ ఆయిల్ మార్చుకోవడం, బ్రేకు ప్యాడ్లు వేసుకోవడం ఇప్పుడు ఎవరికైనా సాధ్యమే. మంచిదే. కానీ పది నిమిషాల వీడియోలో కత్తిరించేసేది తరచుగా స్టాండు పెట్టే ఆ రెండు నిమిషాలనే. పని నేర్పే వీడియో భయాన్ని నేర్పదు.

మంట, ఆవిరి, ఆమ్లం

బ్యాటరీ చార్జ్ అవుతున్నప్పుడు హైడ్రోజన్ వెలువడుతుంది. గాలిలో అది 4 శాతానికి చేరితే చాలు, నిప్పురవ్వకు పేలుతుంది. లోపలున్నది సల్ఫ్యూరిక్ ఆమ్లం. ఉప్పుగాలికి టెర్మినళ్ల మీద పేరుకునే తెల్లటి, పచ్చటి పొడిని గీకేటప్పుడు స్పానర్ జారి రెండు టెర్మినళ్లకూ తగలడం వల్లే చాలాసార్లు రవ్వ పుడుతుంది. విప్పేటప్పుడు మొదట నెగెటివ్ తీయాలి, బిగించేటప్పుడు చివర నెగెటివ్ పెట్టాలి. అప్పుడు పాజిటివ్ దగ్గర స్పానర్ బాడీకి తగిలినా షార్ట్ కాదు. కళ్లద్దాలు తప్పనిసరి. ఆమ్లం కంట్లో పడితే కనీసం 15-20 నిమిషాలు ధారగా మంచినీళ్లు పోస్తూనే ఉండాలి. ఆ తర్వాతే ఆస్పత్రి ప్రయాణం. పోర్ట్‌బ్లెయిర్‌కు నీరందించే ధనిఖారి జలాశయం ఎండాకాలంలో అడుగంటినప్పుడు కుళాయిలు రోజూ రావు. షెడ్డులో ఒక డ్రమ్ము మంచినీళ్లు ఎప్పుడూ నిండుగా ఉండాలనడం అందుకే.

రేడియేటర్ మూత మరో ఉచ్చు. వేడెక్కిన కూలెంట్ సుమారు ఒక బార్ అదనపు ఒత్తిడిలో ఉంటుంది. ఆ ఒత్తిడి వల్లే అది 100 డిగ్రీలు దాటినా మరగదు. మూత తీయగానే ఒత్తిడి పోయి, ద్రవం ఒక్కసారిగా ఆవిరై ముఖం మీదికి చిమ్ముతుంది. ఇంజిన్ ఆపి, పై గొట్టాన్ని చేత్తో పట్టుకోగలిగేంత చల్లారేదాకా ఆగడం తప్ప వేరే మార్గం లేదు. కాలిన చోట 20 నిమిషాలు చల్లటి నీళ్లు పోయాలి. టూత్‌పేస్టు, సిరా పూయకూడదు.

తుప్పు పట్టిన కారుకు వెల్డింగ్ తప్పదు. అదీ చాలాసార్లు పెట్రోలు ట్యాంకు, గొట్టాల పక్కనే. ఇక్కడ ఒక అపోహ ఉంది. ట్యాంకు ఖాళీ చేశాం కాబట్టి ఫరవాలేదనుకుంటారు. నిండు ట్యాంకు కంటే ఖాళీ ట్యాంకే ప్రమాదం, ఎందుకంటే పేలేది పెట్రోలు కాదు, గాలితో కలిసిన దాని ఆవిరి. సున్నా కంటే 40 డిగ్రీలు తక్కువ చలిలో కూడా పెట్రోలు అంటుకునేంత ఆవిరి వదులుతుంది. ఆ ఆవిరి గాలి కంటే బరువు. నేల మీద పాకుతూ సర్వీసు గోతిలోకి దిగి అక్కడే నిలిచిపోతుంది. ట్యాంకును పూర్తిగా విప్పి దూరంగా పెట్టాకే వెల్డింగ్ చేయాలి. బ్యాటరీ వైర్లు ముందే తీయాలి. అడుగు కోటింగ్ కూడా అంటుకుంటుంది కాబట్టి పక్కన ఒక మనిషి, అతని చేతిలో ఏబీసీ పొడి సిలిండరు ఉండాలి. పెట్రోలు మంట మీద నీళ్లు పోస్తే మంటే వ్యాపిస్తుంది. నూనె తుడిచిన బనియన్ వేస్ట్‌ను మూతున్న ఇనుప డబ్బాలో వేయాలి, మూలన కుప్ప పెట్టకూడదు.

కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు, వాసన ఉండవు. అది రక్తంలోని హిమోగ్లోబిన్‌తో ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా అంటుకుంటుంది. వాన కొడుతోందని షట్టరు దించి ఇంజిన్ ఆన్‌లో ఉంచి ట్యూనింగ్ చేయడం, కరెంటు పోయిందని జనరేటర్‌ను షెడ్డు లోపలే నడపడం రెండూ ఒకేలాంటి తప్పులు. ద్వీపాలకు జాతీయ విద్యుత్ గ్రిడ్‌తో లంకె లేదు. జనరేటర్ ఇక్కడ అరుదైన వస్తువేమీ కాదు. దాన్ని బయట, కిటికీకి దూరంగా పెట్టాలి. ఇక తడి నేల మీద 230 వోల్టుల హ్యాండ్‌ల్యాంప్ పట్టుకుని కారు కిందికి వెళ్లడం కంటే బ్యాటరీతో వెలిగే ఎల్ఈడీ లైటు చవకా, క్షేమం కూడా. షెడ్డు మెయిన్‌లో 30 మిల్లీయాంప్‌ల ఆర్‌సీసీబీ ఉంటే షాక్ కొట్టిన మరుక్షణం కరెంటు తెగిపోతుంది.

నిదానంగా చంపేవి కూడా ఉన్నాయి. బ్రేకు డ్రమ్ము విప్పి గాలి గొట్టంతో ఊదితే లేచే దుమ్ములో ఆస్బెస్టాస్ ఉండవచ్చు. భారత్‌లో దాని వాడకం మీద పూర్తి నిషేధం లేదు. ఏ ప్యాడ్‌లో ఉందో కంటికి తెలియదు కాబట్టి అన్నింటినీ అనుమానించి తడిగుడ్డతో తుడవడమే దారి. పాత ఇంజిన్ ఆయిల్‌లో క్యాన్సర్ కారకాలు ఉంటాయి. ఆ చేతులను పెట్రోలుతో కడుక్కుంటే అవి చర్మంలోకి మరింత తేలిగ్గా దిగుతాయి. చవక చేతి తొడుగులు, సబ్బు ఇందుకు చాలు.

కొత్త కారు, కొత్త ప్రమాదం

కొత్త కార్లలో డ్రైవరు ఎయిర్‌బ్యాగ్ 2019 జులై నుంచి తప్పనిసరైంది. ముందు సీటు ప్రయాణికుడిది 2021లో తప్పనిసరైంది. అంటే ఇప్పుడు షెడ్డుకు వచ్చే మామూలు చిన్న కారులో కూడా రెండు పేలుడు పరికరాలు ఉన్నట్టే. ఎయిర్‌బ్యాగ్ విచ్చుకోవడానికి సెకనులో ముప్ఫయ్యో వంతు సమయం చాలు. హారన్ మోగలేదని స్టీరింగు విప్పేవారు ముందు బ్యాటరీ తీయాలి. ఆ తర్వాత కంపెనీ పుస్తకంలో చెప్పినన్ని నిమిషాలు ఆగాలి. ఎందుకంటే లోపలి కెపాసిటర్ కాసేపు విద్యుత్తును నిల్వ ఉంచుకుంటుంది.

తేమకూ ఎయిర్‌బ్యాగ్‌కూ ఉన్న సంబంధం తకాటా ఉదంతంలో బయటపడింది. జపాన్‌కు చెందిన ఆ సంస్థ తయారు చేసిన ఇన్‌ఫ్లేటర్లలోని అమ్మోనియం నైట్రేట్ ఏళ్ల తరబడి వేడి, తేమలకు గురై చెడిపోయింది. అలాంటివి పేలినప్పుడు ఇనుప ముక్కలు చిమ్మాయి. మోటారు వాహనాల చరిత్రలోకెల్లా అతిపెద్ద రీకాల్ అది. ఎక్కువ వేడి, ఎక్కువ తేమ ఉన్న ప్రాంతాల్లోనే ప్రమాదం ఎక్కువని అమెరికా రహదారి భద్రతా సంస్థ తేల్చింది. భారత్‌లో హోండా తన పాత సిటీ, జాజ్, సివిక్ లాంటి కార్లలో వీటిని ఉచితంగా మార్చింది. అండమాన్ వాతావరణం సరిగ్గా ఆ వర్ణనకు సరిపోతుంది. పాత కారు కొన్నవారు ఛాసిస్ నంబరుతో కంపెనీ దగ్గర రీకాల్ వివరాలు సరిచూసుకోవడం కొద్ది నిమిషాల పని.

విద్యుత్తు కార్లలో నారింజ రంగు కేబుళ్లు కనిపిస్తే శిక్షణ లేనివారు చేయి పెట్టకూడదు. వాటిలో వందల వోల్టులు ప్రవహిస్తాయి. ఉప్పునీరు వీటికి మరో ముప్పు. 2022లో ఇయాన్ తుపాను తర్వాత ఫ్లోరిడాలో సముద్రపు నీట మునిగిన విద్యుత్తు కార్లు కొన్ని తర్వాతి రోజుల్లో మంటల్లో చిక్కుకున్నాయి. 2004 డిసెంబరు 26 భూకంపంలో దక్షిణ అండమాన్ నేల కుంగి, సిప్పీఘాట్ లాంటి పల్లపు ప్రాంతాల్లోకి సముద్రం చొచ్చుకొచ్చింది. అలాంటి చోట ఉప్పునీట మునిగిన విద్యుత్తు వాహనాన్ని షెడ్డులోకి తేకుండా, భవనాలకు దూరంగా ఆరుబయట ఉంచడమే మేలు.

ఆగకూడని దారి

మరమ్మతులో నిర్లక్ష్యానికి మూల్యం కారులో ఉన్నవారే చెల్లిస్తారని లేదు. పోర్ట్‌బ్లెయిర్ నుంచి ఉత్తరానికి వెళ్లే అండమాన్ ట్రంక్ రోడ్డు జిర్కాటాంగ్ నుంచి మిడిల్ స్ట్రెయిట్ దాకా సుమారు 50 కి.మీ. మేర జారవాల అడవి గుండా సాగుతుంది. అక్కడ వాహనాలు నిర్ణీత వేళల్లో, పోలీసుల వెంట, వరసగా వెళ్లాలి. గంటకు 40 కి.మీ. దాటకూడదు. ఎక్కడా ఆగకూడదు. ఆదిమ తెగల రక్షణకు 1956లో చేసిన నిబంధనల ప్రకారం జారవాలతో సంపర్కం నేరం. బయటివారి నుంచి సోకే వ్యాధులకు వారిలో నిరోధకశక్తి తక్కువ. 1999లో తట్టు వ్యాపించి వారిని కలవరపరిచింది. ఈ రోడ్డును మూసేయాలని 2002లో సుప్రీంకోర్టు ఆదేశించినా వాహనాలు తిరుగుతూనే ఉన్నాయి.

అలాంటి దారిలో ఫ్యాన్‌బెల్టు తెగితే, రేడియేటర్ మరిగితే, చక్రం ఊడితే ఆ ఒక్క కారే కాదు, వెనకున్న వరసంతా నిలుస్తుంది. అందువల్ల జిర్కాటాంగ్ గేటు దాకా వచ్చి చూసుకోవడం కాదు, ముందురోజే షెడ్డులో బెల్టులు, గొట్టాలు, కూలెంట్, టైర్లు, స్టెప్నీలో గాలి, చక్రాల నట్లు సరిచూడాలి. నిజంగానే ఆగిపోతే అడవిలో బానెట్ ఎత్తి సొంత వైద్యం మొదలుపెట్టకుండా, తలుపులు మూసుకుని కాన్వాయ్ పోలీసుల సాయం కోరాలి.

చట్టం అంచున

వృత్తి భద్రత, ఆరోగ్యంపై 2020లో చేసిన కార్మిక స్మృతి 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చింది. అది ప్రధానంగా పది మంది, అంతకు మించి పనిచేసే సంస్థలకు వర్తిస్తుంది. ఇద్దరు మెకానిక్‌లు, ఒక కుర్రాడు ఉండే షెడ్డు దాని అంచు బయటే మిగులుతుంది. కుర్రాడి విషయంలో మాత్రం చట్టం ఎప్పటి నుంచో స్పష్టంగానే ఉంది. బాలకార్మిక నిషేధానికి 1986లో చేసిన చట్టం ప్రమాదకర వృత్తుల జాబితాలో మోటారు వర్క్‌షాపులను పేరుపెట్టి మరీ చేర్చింది. 2016 సవరణ తర్వాత 14 ఏళ్లలోపు వారిని ఏ పనిలోనూ పెట్టకూడదు. వర్క్‌షాపులు ప్రమాదకరమని చట్టం ఊరికే అనలేదు. కారు కిందికి సులువుగా దూరగలిగేది చిన్నపిల్లవాడే. అందుకే అతన్నే పంపుతారు.

ఇన్‌స్పెక్టరు రాని చోట నియమం పెట్టాల్సింది ఇద్దరే: షెడ్డు ఓనరు, కారు ఓనరు. జత స్టాండ్లు రెండు మూడు వేల రూపాయలకు దొరుకుతాయి. కళ్లద్దాలు, చేతి తొడుగులు, నాలుగు చెక్క దిమ్మలు కలిపినా ఒక టైరు ధర కాదు. అయినా అవి లేకపోవడానికి డబ్బు కంటే తొందరే కారణం. 'సాయంత్రంలోగా బండి కావాలి' అని ఫోను చేసేవారు ఆ తొందరలో భాగస్వాములే. కారు అప్పగించేటప్పుడు ధర అడిగే ముందు స్టాండ్లు ఉన్నాయా అని అడగడం, లేకపోతే మరో షెడ్డు చూసుకోవడం మొదలుపెడితే మార్పు ఏ చట్టం కంటే వేగంగా వస్తుంది.

బ్రేకు గొట్టం వచ్చే ఓడలో వస్తుంది. రేడియేటర్ ఆ తర్వాతి ఓడలో వస్తుంది. నలిగిన చేతికి, పోయిన కంటికి మాత్రం ఏ రేవు నుంచీ విడిభాగాలు రావు.

షెడ్డు గోడ మీద రాసుకోదగినవి

* జాకీ పెట్టే చోటును ముందు తట్టి, పొడిచి చూడండి. గుల్లగా ఉంటే మరో చోట ఎత్తండి.

* స్టాండ్లు లేకుండా కారు కిందికి తల కూడా పెట్టవద్దు. ఇటుకలు స్టాండ్లు కావు.

* నేల మీదున్న చక్రాలకు రెండు వైపులా అడ్డం పెట్టండి.

* బానెట్‌లో ఎవరి చేయి ఉంటే తాళంచెవి వారి జేబులో ఉండాలి. స్టీరింగుకు ఎర్రగుడ్డ కట్టండి.

* బ్యాటరీ విప్పేటప్పుడు నెగెటివ్ ముందు, బిగించేటప్పుడు నెగెటివ్ చివర.

* వేడి రేడియేటర్ మూత తీయవద్దు.

* ట్యాంకు ఖాళీ అయినా సరే, దాని దగ్గర వెల్డింగ్ చేయవద్దు.

* ఇంజిన్‌నూ, జనరేటర్‌నూ మూసిన షెడ్డులో నడపవద్దు.

* సీలు తీసి ఉంచిన పాత బ్రేకు ఆయిల్ వాడవద్దు. పని పూర్తయ్యాక పెడల్ గట్టిపడిందో లేదో చూశాకే కారు కదిలించండి.

* మంచినీళ్ల డ్రమ్ము, మంటలార్పే సిలిండరు, ప్రథమ చికిత్స పెట్టె అందరికీ కనిపించే చోట ఉంచండి. సిలిండరు ముల్లు పచ్చగీతలో ఉందో లేదో నెలకోసారి చూడండి.

* ఒంటరిగా కారు కింద పనిచేయవద్దు. పిలిస్తే పలికేంత దూరంలో ఒకరు ఉండాలి.